సామగ్రి గడిలో నారికేళం

ఆ రోజుల్లో నాకు వచ్చిన తెలుగు తక్కువ, వాడిన తెలుగు ఎక్కువ. ఎమ్మే పట్టా చేతికొచ్చి ఆర్నెల్లు కాలేదు, శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో ఉన్న ఒక పెద్ద బడిలో తెలుగు సారుగా చేరాను. మా ఇల్లు సూరారంలో. పొద్దున ఇంట్లో "అవ్వా, సల్ల పొయ్యి, జల్దీ పోవాలె" అని అన్నం తిని బయల్దేరేవాణ్ని. రెండు బస్సులు మారి బడి గేటు దగ్గర దిగేసరికి నా భాష కూడా మారిపోయేది. గేటు దగ్గరి వాచ్‌మన్‌ని "కుశలమేనా?" అని పలకరించేవాణ్ని. (పాపం ఆయన మొదటి వారమంతా నేను కుశాల్ అనే మనిషి కోసం అడుగుతున్నానని అనుకున్నాడట. "ఆయన ఇంకా రాలేదు సార్" అని రోజూ ఓపికగా చెప్పేవాడు.) పిల్లలతో అంతే, తోటి టీచర్లతో అంతే. సూరారం యాస బయటపడితే ఎక్కడ చులకనైపోతానో అని నా భయం. ఆ భయానికి పాండిత్యం అని పేరు పెట్టుకుని తిరిగేవాణ్ని.

దసరా సెలవులకు ముందు ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ఒక సెమిస్టరు పాటు పై స్థాయి తెలుగు సాహిత్యం క్లాసు పెడదామనుకుంటున్నామని, దానికి ప్రణాళిక రాసి ఇమ్మని చెప్పింది. నేను గాలిలో తేలుతుండగానే మిగతా సగం కూడా చెప్పింది. మొదటి రోజు క్లాసు అయ్యేసరికి పది మంది పేర్లు రాయించుకుంటేనే ఆ క్లాసు ఉంటుంది. లేదంటే జనవరి నుంచి నాకు అడ్మిషన్ల డ్యూటీ. అంటే ఊళ్లమ్మట, బస్తీలమ్మట ఇంటింటికీ తిరిగి బడి కాగితాలు పంచాలి. నాకు ఏ బస్తీ వేస్తారో అడిగాను. "మీది సూరారమే కదా మాస్టారూ, మీకు తెలిసిన చోటే వేస్తాం" అని మేడం చల్లగా చెప్పింది. మా నాయిన అప్పటికే తన ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులవాళ్లకీ కొడుకు పెద్ద సారయ్యాడని చెప్పుకుని ఉన్నాడు. అదే గల్లీలో, అవే గుమ్మాల ముందు నేను కాగితాలు పట్టుకుని నిలబడాలన్నమాట.

సెలవులన్నీ ఆ ప్రణాళికకే ధారపోశాను. బడివాళ్లిచ్చిన కాగితం నిండా గళ్లు: వారం, పాఠం, లక్ష్యం, పద్ధతి, కావలసిన సామగ్రి, పరీక్ష. అన్నీ నింపాను గానీ సామగ్రి గడి ఖాళీగా వదిలేశాను. మేడం వెనక్కి పంపింది. "అది సాహిత్యం మేడం, సామగ్రి అవసరం ఉండదు" అని రాసి మళ్లీ పంపాను. అదీ వెనక్కొచ్చింది. "ఖాళీ గడి ఉంటే కంప్యూటర్ తీసుకోదు మాస్టారూ. ఏదో ఒకటి రాయండి." నాకు ఒళ్లు మండింది. సుద్దముక్కలు, చార్టులు అని రాయడానికా నేను అలంకార శాస్త్రం చదివింది? సాహిత్యానికి సామగ్రి సాహిత్యమే అని పళ్లు కొరుక్కుంటూ, ఆ గడిలో నా గుండ్రటి చేతిరాతతో ఇలా రాశాను: "ధ్వని. అలంకారములు. రసములు తొమ్మిది. పాకములు మూడు (ద్రాక్షా, కదళీ, నారికేళ)." ఆ దెబ్బకు కాగితం వెనక్కి రాలేదు. సంతకమై, ముద్రతో సహా నా బల్ల మీదికొచ్చింది. నా పాండిత్యానికి బడి మొత్తం జడుసుకుందని మురిసిపోయాను.

ఆ కాగితం మా పటేల్ సార్ దగ్గరికి వెళ్లిందని నాకు తర్వాత తెలిసింది. బడి పెట్టినాయన ఆయనే. ఆ ఊరి పాత భూస్వాముల ఇల్లు, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మాట తక్కువ. సామాను ఏది కొనాలన్నా ఆయన సంతకం ఉండాల్సిందే. ఇంటికి పునాది తీసినా, బోరు వేసినా, బడికి కొత్త బస్సు కొన్నా కొబ్బరికాయ కొట్టనిదే అడుగు ముందుకు వేయని మనిషి. అలాంటి మనిషి ముందు నా సామగ్రి గడి పెడితే ఏమవుతుంది? కదళీఫలం, నారికేళం అని ఆయన జన్మంతా విన్నది పంతులు నోటనే. పైన అలంకారం అని ఉంది, ధ్వని అని ఉంది. కొత్త క్లాసుకు సారు పూజ పెట్టుకున్నాడని కాగితం స్టోర్ రూముకు వెళ్లిపోయింది.

సెలవుల తర్వాత మొదటి రోజు మూడో పీరియడ్‌కి నేను నలభై నిమిషాల ఉపన్యాసం కంఠస్థం పట్టుకుని క్లాసు గదికి వెళ్లాను. తలుపుకు బంతిపూల దండ. లోపల బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద స్టీలు పళ్లెంలో అరటిపండ్లు, కొబ్బరికాయ, ఒక గిన్నెలో ఎండుద్రాక్ష. మూలన ఆటల పోటీలకు వాడే మైకు సెట్టు. నేను తప్పు గదికి వచ్చానేమోనని బయటికెళ్లి నంబరు చూసుకుని మళ్లీ లోపలికొచ్చాను. స్టోర్ చూసుకునే, దూలపల్లి నుంచి వచ్చే అన్న నా దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"సార్, అన్ని తెచ్చిన. గీ సీజన్ల ద్రాక్ష దొరకలే, కిస్మిస్ తెచ్చిన. కని గా తొమ్మిది రసాల సంగతే జర పరేషాన్ అయింది. మెస్‌ల అడిగిన. మాకు వచ్చేదే ఒక్క చారు, టమాట ఉంటె టమాట చారు, లేకుంటె ఉత్త చారు, తొమ్మిది ఏడికెల్లి తేవాలె అని వంటాయన నా మీదికి లేచిండు."

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన మరుక్షణమే పటేల్ సార్ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. ఆయన వెనక ప్రిన్సిపాల్ మేడం, మేడం చేతిలో పేర్లు రాసుకునే ఖాళీ కాగితం. బంతిపూలు, మైకు చూసి పిల్లలు కూడా పదిహేడు మంది దాకా వచ్చి కూర్చున్నారు. (సాహిత్యం కోసం వచ్చినవాళ్లు ఇద్దరు. మిగతావాళ్లు ప్రసాదం కోసం. తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు.) ఇది పూజ కాదని చెబితే పదిహేడు మంది ముందు పెద్దాయన పరువు పోతుంది. చెప్పకపోతే పూజతోనే పీరియడ్ అయిపోతుంది, నా పది పేర్లు పోతాయి. నేను నోరు తెరిచే లోపే పటేల్ సార్ కాయ తీసుకుని గడప దగ్గర కూర్చుని కొట్టారు. పగల్లేదు. మళ్లీ కొట్టారు. పగల్లేదు. మూడోసారి కొడితే రెండు చెక్కలై, నీళ్లు చింది నేరుగా నా చేతిలోని ప్రణాళిక మీద పడ్డాయి.

ముందు వరసలో కూర్చున్న రావల్కోల్ పిల్ల లేచి నిలబడింది. వాళ్ల నాన్న ఆ ఊళ్లో కౌలుకు కూరగాయలు పండిస్తాడు. ఈ అమ్మాయి నోటికి జడిసి టీచర్లు ఒకటికి రెండుసార్లు పాఠం చదువుకుని వచ్చేవారు. "సార్, గిది తెలుగు క్లాసా, సత్నారాయణ పూజనా?"

అందరూ గొల్లుమన్నారు. నేను మైకు పట్టుకున్నాను. కంఠస్థం పట్టిన ఉపన్యాసంలో మొదటి మాట "సహృదయులారా". అది గుర్తుంది గానీ తర్వాతి మాట గుర్తు రాలేదు. మైకు కుయ్యిమని అరిచింది. దాన్ని కట్టేసి పక్కన పెట్టి నోరు తెరిచాను. ఏం మాట్లాడానో నాకే వినిపించి ఉలిక్కిపడ్డాను. అది మా ఇంటి మాట.

"తెలుగు క్లాసే బిడ్డా. గీ మూడు పండ్లు సూడు. ఎనకటోళ్లు పద్యాలల్ల మూడు తీర్లున్నయన్నరు. ద్రాక్ష తీరు పద్యం నోట్లేసుకుంటె సాలు, తియ్యగుంటది. అరటిపండు తీరుదయితె తొక్క ఒలవాలె. కొబ్బరికాయ తీరు పద్యం ఉన్నదనుకో, ఇగ ఇప్పుడు సార్ కొట్టిండు సూడు, అట్ల కొట్టాలె. కొట్టినంకనే నీళ్లు."

రావల్కోల్ పిల్ల గిన్నెలోంచి ఒక ఎండుద్రాక్ష తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి గిది ఏ పాకం సార్? ఎండిపోయిన పద్యమా?" వెనక బెంచీ నుంచి ఎవరో "పాత పద్యం, ముడతలు వడ్డది, తీపి పోలే" అన్నారు. నేను ఆ మాట పుస్తకంలో ఎక్కడా చదవలేదు. ఆ పిల్ల ఆగలేదు. "సీతాఫలం ఎందుకు లేదు సార్? మస్తు తియ్యగుంటది, కని బుక్కబుక్కకు గింజ ఉమ్మాలె. జల్దీ తింటనంటె నడువది." నాకు ఒళ్లంతా కళ్లయినట్టయింది. శాస్త్రంలో మూడు పండ్లే ఎందుకున్నాయని ఎమ్మేలో రెండేళ్లు చదివిన నాకు ఒక్కసారి కూడా తోచలేదు. పరీక్షలో మూడు రాస్తే మార్కులు వచ్చేవి, అంతటితో సరి.

అప్పుడు పటేల్ సార్ గడప దగ్గరి నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ అడిగారు. "గా ద్రాక్ష సంగతి రాసినాయన ఎన్నడన్న తోట వెట్టిండా సారు?"

నాకు తెలియదన్నాను. "పెట్టి ఉండడు" అన్నారాయన. "గీ బడి ఉన్న జాగల మా బాపు ద్రాక్షతోట వెట్టిండు. రాతి కడీలు పాతాలె, తీగెలు గుంజాలె, పందిరెయ్యాలె, కత్తిరియ్యాలె, మొగులు వట్టి వానొచ్చిందంటె పానం వోతది. గింత కష్టపడితె గప్పుడు మీకు నోట్లెయ్యంగనే తియ్యగుంటది. తినెటోనికే అది ద్రాక్ష. పండిచ్చెటోనికి కొబ్బరికాయనే."

ఆ మాటను తడిసిన ప్రణాళిక వెనక పక్కన రాసుకున్నాను. తర్వాత ఆ సెమిస్టరంతా మేం ఏ పాఠం చదివినా రెండు ప్రశ్నలు అడిగేవాళ్లం. ఇది తినేటోనికి ఏ పండు? పండిచ్చెటోనికి ఏ పండు? ఆ రోజు గంట కొట్టేసరికి మేడం కాగితం మీద పదకొండు పేర్లున్నాయి. పదో పేరు పడే దాకా నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పదకొండోది రావల్కోల్ పిల్లది. పేరు రాసి పెన్ను నా చేతికిస్తూ, "సార్, మరి మనుషులల్ల గూడ పాకాలుంటయా? ఉంటె మీరు కొబ్బరికాయ. ఇయ్యాల పగిలిన్రు" అంది. సాయంత్రానికి బడంతా నా పేరు కొబ్బరికాయ సార్. (ఇప్పటికీ అదే. మా నాయినకు మాత్రం చెప్పలేదు.)

మనసు ఊరుకోక ఆ మధ్యాహ్నమే పటేల్ సార్ గదికి వెళ్లి, అది పూజ సామాను కాదని, నేను పొగరుకు పోయి రాసిన రాత అని ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. "ముందుగాల పూజనే అనుకున్న. తొమ్మిది రసాల కాడ అనుమానమొచ్చింది. ఏ దేవునికి తొమ్మిది చార్లు వోస్తరయ్యా? పిలిచి అడుగుదామనుకున్న. అడిగితె నువ్వు ఇంకింత కష్టంగ చెప్తవు. అందుకని అన్ని తెప్పిచ్చి, ఏం జేస్తవో సూద్దామని నేనే వచ్చిన." కిటికీ బయట ఆటస్థలం వైపు చూస్తూ అన్నారు. "ద్రాక్ష అని సూసినంక సంతకం వెట్టకుండ ఉండబుద్ధి కాలె." అక్కడ ఒకప్పుడు తోట ఉండేదని నాకు పొద్దునే చెప్పారు కాబట్టి, నేనూ కాసేపు ఆ ఆటస్థలం వైపే చూశాను. ఆ రోజు నుంచి గేటు దగ్గర వాచ్‌మన్‌ని "మంచిగున్నవా అన్నా?" అని అడగడం మొదలుపెట్టాను. ఆయన చాలా ఊరట చెందాడు.

ఇప్పుడు నేను వేరే బడికి మారాను, జుట్టు పలచబడింది, పాఠం తేలిగ్గా చెబుతానని పిల్లలు అంటారు. అలా అన్నప్పుడల్లా లోపల నవ్వుకుంటాను. ఎన్ని కడీలు పాతితే ఆ పందిరి నిలబడిందో వాళ్లకేం తెలుసు? పోయిన వారం ఫోనులో ఒక కాగితం వచ్చింది. రావల్కోల్ పిల్ల ఇప్పుడు ఆ పాత బడిలోనే తెలుగు మేడం. పై స్థాయి సాహిత్యం క్లాసు ఈసారి తన చేతికొచ్చిందట, ప్రణాళిక రాశాను, ఒకసారి దిద్ది పెట్టండి, మొదటి రోజు క్లాసుకు మీరు తప్పకుండా రావాలి అని రాసింది. గళ్లన్నీ చక్కగా నిండి ఉన్నాయి, దిద్దడానికి నాకేమీ దొరకలేదు. సామగ్రి గడి దగ్గర మాత్రం ఆగిపోయాను: "కిస్మిస్, గుప్పెడు. అరటిపండ్లు, అర డజను. సీతాఫలాలు, మా ఊరివి. కొబ్బరికాయ, ఒకటి (సార్ వస్తే అక్కర్లేదు)."

ఒక్కణ్నే కూర్చుని పడీపడీ నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత జవాబు రాశాను, రెండు బస్సులు మారని మా ఇంటి మాటలోనే: "వస్తున్న బిడ్డా. కని కాయ గూడ పెట్టు. రెండు ఉంటె ఏది గట్టిదో పిల్లలే తేల్చుకుంటరు."