మస్తాన్ మామ స్పీకర్లు

మొన్న కువైట్‌లోని దజీజ్‌లో ఒక గోదాము పక్కగా వస్తుంటే కాలిన వార్నిష్ వాసన తగిలింది. నా కాళ్లు ఆగిపోయాయి. ఫర్వానియాలో మా పాత బిల్డింగ్ డాబా, చలికాలపు ఎండ, ఉప్పు పట్టిన గోడలు, రంజాన్ పండగ సేమ్యా పాయసంలో వేగిన జీడిపప్పు, తొక్కుడుబిళ్ల ఆడుతున్న నేనూ షాహీనా, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అదే బిల్డింగ్‌లో ఉండే షాహీనా వాళ్ల నాన్న మస్తాన్ మామది రాయచోటి. ఆ నెలతో ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ముగించుకుని ఊరెళ్లి టీ హోటల్ పెట్టుకోబోతున్నాడు. హోటల్లో పాటలు వినిపించాలని రెండు పెద్ద స్పీకర్లు కొన్నాడు. పండగ సాయంత్రం వాటిని అందరికీ వినిపిద్దామని నాన్న మా ఇంట్లోని చిన్న ఆంప్లిఫయర్‌ను పైకి మోసుకొచ్చాడు. డాబా పెద్దది, జనం ఎక్కువ. నాన్న వాల్యూమ్ పెంచుతూ పోయాడు. పాట గరగరలాడింది.

"ఏవండీ, తగ్గించండి. గొంతు చీరుకుపోతున్నట్టుంది," అంది అమ్మ.

"నలభై వాట్లది, వంద వాట్ల స్పీకర్లనేం చేత్తాదే?" అన్నాడు నాన్న. అందరూ చూస్తుండగా ఇంకాస్త తిప్పాడు.

మస్తాన్ మామ లేచి నిలబడ్డాడు. మేము ఆట ఆపి నాన్న చేతినే చూస్తున్నాం. సన్నటి స్వరాలన్నీ ఒక్కసారి మాయమైపోయి, మందమైన చప్పుడు మాత్రం మిగిలింది. తర్వాత ఆ వాసన.

శక్తికి మించి పెంచితే ఆంప్లిఫయర్ స్వరాన్ని తెగ్గోస్తుందని, ఆ తెగిన స్వరమే సన్నటి స్వరాలు పలికించే ట్వీటర్‌లోని తీగను కాల్చేస్తుందని నాన్నకు మర్నాడు అర్దియాలో మెకానిక్ చెప్పాడట. మార్చడానికి ఆ భాగాలు దొరకలేదు. వారమంతా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. మెట్ల మీద షాహీనా ఎదురైతే నేను తల దించుకునేదాన్ని.

ప్రయాణం ముందురోజు నాన్న మా ఆంప్లిఫయర్‌నూ, దానికి సరిపడే మా చిన్న స్పీకర్లనూ తీసుకెళ్లి మస్తాన్ మామ కార్గో పెట్టెలో సర్దాడు.

"మీరేం వింటారన్నా? వద్దులే," అన్నాడు మామ.

"హోటల్‌కి ఇయ్యే సరిపోతాయి మస్తానూ. ఆ పెద్దయి నాకొదిలెయ్."

మామ ఆ పెట్టె మీద చెయ్యి వేశాడు. తర్వాత తాడు రెండో కొస అందుకుని, నాన్నతో కలిసి గట్టిగా ముడివేశాడు.

ఆ బిల్డింగ్ ఇప్పుడు లేదు; అక్కడ కార్లు ఆపుకుంటున్నారు. నేనుంటున్న చోట డాబా తలుపుకి ఎప్పుడూ తాళమే. గోడ అవతలి వాళ్లు ఏ పాటలు వింటారో, అసలు వాళ్లది ఏ ఊరో నాకు తెలియదు.