అవ్వ నూనె, బాపు కందెన

నేను మోత్కూరు బడిలో ఎనిమిదో తరగతి చదివే రోజులవి. నా జడ ఎలుక తోకంత ఉండేది. అది చూడలేక మా అవ్వ గుంటగలగరాకు రసం ఆముదంలో పోసి, నల్లగా అయ్యేదాకా కాచి, ముంతలో పోసి ఇచ్చింది. "రోజూ కుదుళ్లకు రుద్దు బిడ్డా, ఏడాదిల జడ నడుము దాటుతది" అంది.

నెల తిరగకముందే బడిలో గ్రూపు ఫోటో అన్నారు. ఆ పొద్దున హడావిడిలో అరుగు మీది ముంత అందుకున్నాను. నూనె చిక్కగా అనిపించినా, మంచిదేలే అనుకుని తలంతా పట్టించాను.

ఎండలో నిలబెట్టేసరికి నుదుటి మీదుగా నల్లటి చారలు కారడం మొదలైంది. తుడుచుకుందామంటే "కదలొద్దు!" అని సారు గద్దింపు. తెల్ల జాకెట్టు నల్లబడుతున్నా బొమ్మలా నిలబడ్డాను.

ఫోటో అవగానే ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాను. బాపు బండి చక్రం ఊడదీసి, "గడ్డిమసి, ఆముదం కలిపి ముంతల పోసి గీ అరుగు మీదనే పెట్టిన. నా కందెన యాడ వోయింది?" అని వెతుకుతున్నాడు. నన్ను చూసి అవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా! ఇరుసుకు పెట్టేది నెత్తికి పెట్టుకున్నవా?"

బాపు మాత్రం నవ్వాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా, ఇగ నీ జడ కిర్రుమనదు."

ఏడాదికి నా జడ నిజంగానే నడుము దాటింది. ఏం నూనె రాశావని అడిగిన వాళ్లందరికీ అవ్వ నూనె గురించే చెప్పాను. ఇరుసు సంగతి మాత్రం ఇన్నాళ్లకు మీకే చెబుతున్నాను. ఏది పనిచేసిందో నాకిప్పటికీ తెలియదు మరి!