చెరిగిన ఎర్ర గీత

విశ్వకర్మ పూజ వస్తోందంటే జంషెడ్‌పూర్‌లో స్క్రూడ్రైవర్లు కూడా తలంటు పోసుకుంటాయి. బాగ్‌బేరాలో రైల్వే యార్డు పక్కనున్న మా షెడ్‌లోనూ అంతే. దల్మా కొండల వైపు బంగారం కోసం బోరు వేసి, పైకి తీసిన గుండ్రటి రాతి ముక్కలను అక్కడ పెట్టెల్లో పేరుస్తాం. వాటిని పరీక్షించి రాసుకోవడం నా ఉద్యోగం.

కడిగి పేర్చేది బాబాయ్. చుట్టం కాదు, పలాస వైపు నుంచి వచ్చిన పెద్దాయన, కాంట్రాక్టు కూలీ. పూజ ముందురోజు బిష్టుపూర్ బజారుకి వెళ్తూ, "అంతా మెరిసిపోవాల బాబాయ్" అని చెప్పి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి రాళ్లు నిజంగానే మెరుస్తున్నాయి. ముక్కముక్కకీ కుంకుమ బొట్టు. ఎర్ర గీత మాత్రం లేదు.

భూమిలో ఉన్నప్పుడు రాయి ఏ వైపు కిందకి ఉందో తెలియడానికి డ్రిల్లర్ మైనపు పెన్సిల్‌తో గీసే గీత అది. అది లేకపోతే ముక్కలో కనిపించే తెల్లటి పలుగురాయి చార ఎటు వాలిందో చెప్పలేం. బంగారమంటూ ఉంటే ఆ చారలోనే ఉండాలి. తర్వాతి బోరు ఎక్కడ వెయ్యాలో ఆ వాలును బట్టి సోమవారం నేను చెప్పాలి.

కోపం నషాళానికంటింది. "ఇన్నేళ్లొచ్చాయి, బుర్రలేదా?" అని షెడ్‌లో కూలీలందరిముందూ అరిచాను. అంతటితో ఆగానా? మా సార్‌కి ఫోన్ చేసి, కూలీ చెరిపేశాడని చెప్పాను. అతన్ని మాన్పించేద్దామన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, బాబాయ్ విన్నాడు.

"మరకనుకున్నానమ్మా. సబ్బెట్టి తోమీసేను."

ఆ గీత ఎందుకో నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు. అత్తమీద కోపం దుత్తమీద చూపించానని తెలుస్తూనే ఉంది, అయినా సార్‌కి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. పూజనాడు ఆయన దూరంగా నిలబడ్డాడు, ప్రసాదానికి కూడా రాలేదు. నేనే దగ్గరకెళ్లాను.

"రేపు ఆదివారం వత్తావా బాబాయ్?"

"వత్తానమ్మా. ఉండమన్నన్నాళ్లు రావాల గదా."

గీత లేకున్నా వాలు తెలుసుకునే దారి ఒకటి ఉంది. ఆ కొండరాయి ఒకప్పుడు లావా. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ నలిగి ఆకుపచ్చటి పొరలు తేలింది. బోరు చుట్టుపక్కల ఆ పొరలు ఉత్తరానికి వాలి ఉన్నాయని కొండమీద నేనే కొలిచాను. ముక్కల అంచులు కలిపి, పొరలు ఉత్తరానికి వాలేలా వరసంతా తిప్పితే చార వాలు కూడా తెలుస్తుంది. కలపడంలో బాబాయ్‌ని మించినవాళ్లు లేరు. ఆదివారం పొద్దున్నే వచ్చి, కళ్లజోడు తీసేసి, విరిగిన అంచులు వేళ్లతో తడిమి ఒక్కొక్కటే చేర్చాడు. చార పొరలను కాస్త కోసుకుంటూ, వాటికంటే నిటారుగా ఉత్తరానికి దిగుతోందని మధ్యాహ్నానికి తేలింది.

అక్కణ్నుంచే సార్‌కి ఫోన్ చేశాను. కడగమన్నదీ నేనే, గీత సంగతి చెప్పనిదీ నేనే, మాన్పిస్తే నన్ను మాన్పించండి అన్నాను. ఆయన సరే, ఉండనివ్వండి అన్నారు.

బాబాయ్ చేతులు కడుక్కొచ్చి చారమీద వేలు పెట్టాడు.

"ఇందల బంగారం ఏదమ్మా?"

"కంటికి కనబడదు బాబాయ్. ల్యాబ్ వాళ్లు చెప్పాల."

"లేకపోవచ్చా ఏటి?"

"లేకపోవచ్చు."

"ఉందో లేదో తెలీని దానికా తల్లీ, నన్నంత మాటనీసేవు?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినప్పుడు వినడానికి పదిమంది ఉన్నారు. తప్పయిపోయింది బాబాయ్ అన్నప్పుడు షెడ్‌లో మేమిద్దరమే ఉన్నాం.