ఐదుగురు కొట్టిన మణికట్టు

1979లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కదా అని రోజూ ఆపరేషన్లు చేసేవాణ్ననుకోకండి. పొద్దున జ్వరాలు, మధ్యాహ్నం తేలుకాట్లు, మిగతా వేళల్లో కొట్లాటలు. కొట్లాట కేసుల్లో మేము రాసిచ్చేదాన్ని గాయాల సర్టిఫికెట్ అంటారు. అందులో ముఖ్యమైనవి రెండు గళ్లు. ఎవరు, ఎక్కడ, దేనితో కొట్టారో రోగి చెప్పింది చెప్పినట్టు మొదటి గడిలో రాసి, చివర ‘అని చెప్పారు’ అని చేర్చాలి. రెండో గడిలో డాక్టరు కంటికి కనబడిన గాయాలు కొలతలతో సహా రాయాలి. మొదటి గడిలో ఎన్ని అబద్ధాలైనా పడతాయి. రెండో గడికి మాత్రం రేపు కోర్టులో మనమే జవాబు చెప్పుకోవాలి.

చేరిన కొన్ని నెలలకు, ఒకరోజు పొద్దున్నే చంద్రమోహన్ గారు కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. ఈయన నంద్యాలలో బట్టల వ్యాపారి కొడుకు, సొంతంగా వ్యాయామశాల నడిపేవారు. జిల్లా కండల పోటీలో రెండో బహుమతి. మొదటిది ఎందుకు రాలేదంటే జడ్జీలకు కళ్లు లేవట. నాకు బాగా తెలిసినవారే. అంతకు ముందు ఏడాది వాళ్ల వ్యాయామశాల వార్షికోత్సవానికి నన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. శాలువా కప్పగానే నా నోరు ఊరుకోలేదు. ఇలాంటి కండలున్నవాడి మీద చెయ్యి వేసే మొగాడు ఈ తాలూకాలోనే లేడని, డాక్టరుగా చెబుతున్నానని ప్రకటించాను. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ఒక జత డంబెల్సు కూడా కొన్నాను. మా ఆవిడ వాటిని ఊరగాయ జాడీల మీద బరువుకు వాడుకునేది.

ఏం జరిగిందని అడిగాను.

“ఐదుగురు సార్! ఐదుగురూ ఒకేసారి మీద పడినారు. ఒక్కడో ఇద్దరో అయితే నేను చూసుకునేటోన్నే” అన్నారు.

విషయమేమిటంటే, వ్యాయామశాలలో పెట్టుకోవడానికి మూడడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కావాలని ఆళ్లగడ్డ శిల్పి నాగలింగాచారి గారికి చెప్పారు. మామూలుగా చెప్పి ఊరుకుంటే గొడవే లేదు. స్వామివారి జబ్బలూ ఛాతీ ఇలా ఉండాలని తన ఫోటో ఒకటి ఇచ్చి వెళ్లారు. శిల్పులకు వాళ్ల లెక్క వాళ్లకుంది. విగ్రహం ముఖం ఎంత పొడవో దాన్నే కొలతగా పెట్టుకుని, చెయ్యి ఎంత, ఛాతీ ఎంత అని చెక్కుతారు. ఆచారి గారు ఆ లెక్క ప్రకారమే చెక్కి, ఫోటోను భద్రంగా వెనక్కి ఇచ్చారు. తన జబ్బలు లేని ఆంజనేయుణ్ని చూసి చంద్రమోహన్‌కు ఒళ్లు మండిపోయింది. మాటా మాటా పెరిగింది.

నేను మొదటి గడి నింపాను. ఆచారి గారు, ఆయన తమ్ముడు, ఇద్దరు కొడుకులు, ఒక పనివాడు, మొత్తం ఐదుగురు చేతులతో కొట్టారు అని చెప్పారు. రూలు ప్రకారం స్టేషనుకు కబురు పంపాను. ఎముక సంగతి తేలాలి. మా దగ్గర అప్పటికి ఎక్స్‌రే లేదు కాబట్టి రోగిని బస్సులో నంద్యాల పంపించాను. ఎముక విరిగితే ‘తీవ్రగాయం’, లేకపోతే ‘స్వల్పగాయం’ అని రాయాలి.

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు వచ్చాడు. ఐదుగుర్నీ తెచ్చి స్టేషను వరండాలో కూర్చోబెట్టానని చెప్పాడు. చట్టంలో ఐదుకు ఒక ప్రత్యేకత ఉంది. నలుగురు కొడితే కొట్లాట. ఐదుగురు కలిస్తే అది అక్రమ సమావేశం, వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఓబులేసు అంతా చెప్పి కదలకుండా నిలబడ్డాడు.

“ఆచారి పెద్దకొడుక్కి టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చిండాది సార్. సోమవారం చాగలమర్రిలో చేరల్ల. కేసు పడితే ఆ ఆర్డరు గంగలో కలిసినట్టే. నిజంగా ఐదుగురూ కొట్టినారా సార్?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ ప్రశ్న అడగాల్సినవాణ్ని నేను. అంత మనిషి ఒళ్లంతా చూడకుండా, ఒక్క మణికట్టు చూసి, చెప్పిన అంకె రాసేసుకున్నాను. ఆయన పరువుకు ఐదుగురు కావాలి, చట్టానికి ఐదుగురు కావాలి, వార్షికోత్సవంలో నేను దంచిన ఉపన్యాసానికి కూడా ఐదుగురే కావాలి. ముగ్గురి అవసరాలూ ఇంత చక్కగా కలిసొస్తే ఇంకెవరు అనుమానిస్తారు?

సాయంత్రానికి చంద్రమోహన్ ఫిల్ముతో తిరిగొచ్చారు. వెలుతురుకు పట్టి చూశాను. ఎముక దివ్యంగా ఉంది. ఆ మాట చెప్పగానే ముఖం మాడిపోయింది. ఎముక విరగలేదని దిగులుపడిన రోగిని నా సర్వీసులో ఆయన్నొక్కరినే చూశాను.

చొక్కా విప్పమన్నాను. సంతోషంగా విప్పారు, అలవాటు కదా! వీపు, మెడ, భుజాలు అన్నీ వెతికాను. గోటి గీత కూడా లేదు. ఐదుగురు మీదపడి కొట్టారంటే, పాపం ఎంత మర్యాదగా కొట్టారో! ఉన్నదల్లా మణికట్టు చుట్టూ కమిలిన గుర్తులు. అవి ఐదున్నాయి, నిజమే. ఒకవైపు నాలుగు వేళ్లవి, ఎదురుగా బొటనవేలిది.

ఆచారి గారిని పిలిపించమని ఓబులేసుకు చెప్పాను. యాభై దాటిన మనిషి, బక్కపల్చన, ఊదితే ఎగిరిపోయేట్టున్నారు. ఏం జరిగిందని అడిగాను.

“నేను కొట్టల్య సార్. స్వామి మీదికి కాలెత్తినాడు. తన్నకుండా చెయ్యి పట్టుకున్యా, అంతే. ఇడిపించుకుంటా అని ఆయప్పే గుంజినాడు. నేను కూకున్న తావునే కూకున్యా. గుంజేకొద్దీ మెలిపడె. ముప్పై ఏండ్లు ఉలి పట్టిన చెయ్యి, జారనియ్యదు. మావాళ్లు దగ్గరికి గూడా రాల్య.”

ఆయన్ను చెయ్యి ఆ గుర్తుల మీద ఆనించమన్నాను. ఐదు వేళ్లూ అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. ఓబులేసు మీసం వెనక నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

ఆచారి గారూ ఓబులేసూ బయటికి వెళ్లగానే చంద్రమోహన్ నా చేతులు పట్టుకున్నారు. “సార్, ఒక్కడని రాయొద్దు సార్. అదీ ఆ ముసలాయప్ప! నంద్యాల్లో నేనెట్ల తిరగల్ల? నా దగ్గర అరవైమంది నేర్చుకుంటాండారు.”

నిజంగా ఏడ్చారు. జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఈయన పరువు నిలబడాలంటే ఎవడో కుర్రాడి ఉద్యోగం పోవాలా? ఉన్నమాట చెప్పాను. మొదటి గడిని నేను దిద్దను, దిద్దకూడదు కూడా. రెండో గడిలో మాత్రం ‘ఒకే చేతి పట్టు, బాధితుడు గుంజుకోవడం వల్ల కలిగిన స్వల్పగాయం’ అని రాస్తాను. కేసు నడిస్తే నన్ను సాక్షిగా పిలుస్తారు. ఆ వాక్యాన్ని కోర్టులో గట్టిగా చదువుతాను. ఆ అరవైమందీ వెనక బెంచీల్లో కూర్చుని వింటారు. ఇష్టం మీది.

ఆయన చాలాసేపు తన జబ్బల వంక చూసుకున్నారు. తర్వాత స్టేషనుకు వెళ్లి, తోపులాటలో తన చెయ్యి తనే మెలితిప్పుకున్నానని, ఎవరి మీదా ఫిర్యాదు లేదని రాసిచ్చారు. అదే చేత్తో రాయాల్సి రావడంతో సంతకం వంకరగా వచ్చిందట. సోమవారం ఆచారి పెద్దకొడుకు చాగలమర్రి బస్సెక్కాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కొట్లాట కేసులోనైనా రెండో గడి నింపాకే మొదటి గడి ముట్టుకున్నాను. కండలు పెంచితే కొట్లాటలో పనికొస్తుందా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. వస్తుంది. కాకపోతే ఇనుము ఎత్తితే లేస్తుంది, దించితే దిగుతుంది, తిరిగి మన చెయ్యి పట్టుకోదు. మనుషులు పట్టుకుంటారు.