టీచరత్త పిడికెడు బియ్యం

ఖాళీ కుండలో మొదటి పిడికెడు బియ్యం పడితే గలగలమంటుంది. కుండ నిండేకొద్దీ ఆ చప్పుడు తగ్గి, చివరికి వినిపించదు. ఈ ఉదయం బియ్యం కడగబోతూ అలవాటుగా ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న కుండలో వేశాను. గలగలమంది. టీచరత్త గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే, మా ఇద్దరి మధ్య తేలకుండా ఉండిపోయిన తగువు కూడా వెంటే వస్తుంది.

మాది కోవిల్‌పట్టి దగ్గర ఒక చిన్న జమీను. నాకు ఊహ తెలిసేసరికి జమీను పేరులో మాత్రమే ఉంది. తొంభైల మొదట్లో మిగిలిన నల్లరేగడి కూడా పోయాక నాన్న మమ్మల్ని విరుదునగర్ తీసుకొచ్చి, ఒక పప్పుల మండీలో గుమాస్తాగా చేరాడు. ఎవరి దగ్గరైనా వీపు ఆనించకుండా నిటారుగా కూర్చునేవాడు. నేనూ అలాగే కూర్చుంటాను. పక్కింట్లో టీచరత్త ఉండేది. ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ వీధిలో ఒక ఏర్పాటు ఉండేది. ప్రతి ఇల్లాలూ వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టాలి. వారానికోసారి టీచరత్త గోనెసంచితో వచ్చి ఆ బియ్యం పట్టుకుపోయేది. వాటిని అమ్మిన డబ్బు ఊరి ఆడపిల్లల కాలేజీకి చేరేది. బియ్యం వేసే ఇళ్ళ పిల్లలకు అక్కడ ఫీజు లేదు.

ఆమె మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు నాన్న లోపలికి వెళ్ళి, నిండు చాట పట్టుకొచ్చి సంచిలో కుమ్మరించబోయాడు. మా ఇంట్లో అడిగినవాళ్ళకు చాటతోనే పెట్టేవారు. ఆమె సంచి మూతి ముడిచేసింది.

"ఇదేమి అన్నా, ఇంత?"

"ఏడాదికి సరిపోతుందమ్మా. మళ్ళీ మళ్ళీ రావాల్సిన పని లేదు."

"అట్ల కాదన్నా. దినానికి ఒక పిడికెడుదా. అందురికీ అదే అళవు. మండీ పెట్టిన మొదలాళికీ అదే, అగ్గిపెట్టెలకు కాగితం అంటించే పొన్నమ్మకీ అదే." చాటలోంచి వారానికి సరిపడా పిడికిళ్ళు తానే తీసుకుని, మిగతాది అమ్మ చేతిలో పెట్టింది. మా ఇంటి దానాన్ని వెనక్కి ఇచ్చిన మనిషిని నాన్న అప్పటిదాకా చూడలేదు. ఆ రాత్రి సరిగా తినలేదు. అయినా మరునాటి నుంచి అమ్మ పిడికెడు తీసిపెడుతూ వచ్చింది.

నాకు ఆ కాలేజీలో సీటు వచ్చిన ఏడు అసలు చిక్కు మొదలైంది. ఫీజు కట్టడానికి మా దగ్గర డబ్బు లేదు. ఫీజు లేకుండా చేర్చడానికి నాన్న ఒప్పుకోడు. చేరడానికి మరునాడే ఆఖరు రోజు. టీచరత్త వచ్చి నిలబడింది.

"మేము పెట్టినవాళ్ళం టీచరమ్మా. ఒకరి దగ్గర ఊరికే తీసుకోము," అన్నాడు నాన్న.

"ఊరికే అని ఎవురు చెప్పినారు? మీ పిడికెడు కూడా ఉండాది గదా అందులో."

"అది మేం చేసిన దానం. తిరిగి తీసుకుంటే అది దానమెట్లా అవుతుంది?"

"దానమని నేను అడగలేదే!" అంది టీచరత్త. "కూలిపోయిన పాళెగాడి కోట, పాంచాలంకురిచ్చిని చూసేదానికైనా జనం వస్తారు. మీ పెద్దరికాన్ని చూసేదానికి ఎవురన్నా వస్తారు? పాప చదువుకోనీ."

నేను తలుపు వెనక ఉన్నాను. ఇద్దరిలో ఎవరు చెప్పింది సరైనదో అప్పుడు తెలియలేదు. చివరికి నాన్న అన్నాడు: "సరే. చదివినన్నాళ్ళూ అమ్మాయి మీ సంచి మోస్తుంది." పరువు నిలబెట్టుకోవడానికి కూతుర్ని ఊరి గుమ్మాల ముందు సంచితో నిలబెట్టిన జమీందారు ఆయనొక్కడే అయివుంటాడు. టీచరత్త నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

అలా నేను సంచి మోశాను. మొదటి గుమ్మం దగ్గర మెడ నిటారుగా పెట్టి, "బియ్యం తీసుకురండి!" అన్నాను. టీచరత్త నా మోచెయ్యి గిల్లింది. "గొంతు దించు చిన్నదొరసానీ. బియ్యం అడుగుతా ఉండావు, కిస్తీ కాదు." గొంతు దించాను. మెడ దించలేదు. ఆమె కూడా దించమనలేదు. మరో ఇంట్లో కొత్త కోడలు నన్ను అన్నం అడుక్కునేదాన్ననుకుని, "ఇప్పుడే సోరు అయిపాయె, పో," అంది. నేను సంచి తీసుకుని వెనక్కి తిరిగాను. టీచరత్త మాత్రం తాపీగా, "సోరు వద్దమ్మా, మీ పాపకు కాలేజీ కావాల," అంది. ఆ కోడలి చంకలో పాపకు ఇంకా పళ్ళు కూడా రాలేదు.

రెండువేల సంవత్సరం తర్వాత నేను కోవిల్‌పట్టి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఒక సోమవారం నా తరగతిలో బాగా చదివే పిల్ల రాలేదు. ఫీజు కట్టలేదని గేటు దగ్గరే ఆపేశారు. ఆ సాయంత్రమే బస్సెక్కి విరుదునగర్ వెళ్ళాను. టీచరత్తకు అప్పటికి చూపు మందగించింది.

"కాలేజీ చదువు అందరికీ ఊరికే ఇవ్వాలా అత్తా?"

"ఇవ్వాల."

"మరి పిడికెడు ఎందుకు అడిగావు?"

"అది ఫీజు కాదే."

"దానమూ కాదన్నావు."

"కాదు."

"మరేంటది?"

"తెలిసింటే మీ నాయనకు అప్పుడే చెప్పుందును గదా," అంది. ఆ తర్వాత నా భుజం తడిమి, "ఇంకా నిటారుగానేదా కూర్చుంటావు," అని నవ్వింది.

ఆ పిల్ల మళ్ళీ తరగతికి రాలేదు. టీచరత్త ఇప్పుడు లేదు. బియ్యం అడిగే మనిషీ రాదు. మొన్న కుండ నిండితే మోసుకుని నేను చదివిన ఆడపిల్లల కాలేజీకే వెళ్ళాను. ఆఫీసులో కుర్రాడు మర్యాదగా లేచి, "హాస్టల్‌కు డొనేషన్ అని రాస్తాను మేడమ్, పేరు చెప్పండి," అన్నాడు. దానం చేయడం మా వంశానికి తెలుసు. పేరు చెప్పడం అంతకన్నా బాగా తెలుసు. అయినా దీన్ని దానమని రాయించడానికి నోరు రాలేదు. కుండ ఇంటికి తెచ్చి, ఆ బియ్యాన్ని మా ఇంటి బియ్యంలోనే కలిపేశాను.

ఈ ఉదయం మళ్ళీ తీసిపెట్టాను. పిడికెడే.