సాటే పుల్లల కంచె

జురాంగ్ వెస్ట్‌లో మా ఫ్లాట్ గుమ్మం ముందు, కారిడార్‌లో, నాకో అడవి ఉంది. ఒక కుండీ, అందులో ఒక కరివేపాకు మొక్క. దాని నీడన ఏనుగులు పడుకోవచ్చని నేనంటాను. మీ చెప్పుల జత కూడా పట్టదని మా ఆవిడ అంటుంది.

ఆ అడవి ఉన్నట్టుండి బోడి కాసాగింది. పొద్దున చూసిన రెమ్మ సాయంత్రానికి మాయం. మొక్క చచ్చిపోతుందన్న బెంగతో నాకు తిండి సయించలేదు. సయించకుండానే మూడు పూటలా తిన్నాను. అనుమానమంతా పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ మీద.

చాంగీలో మా ఆఫీసులో ఒక జర్మన్ పెద్దమనిషి ఉన్నాడు. భోజనాల దగ్గర ఆయనతో గోడు వెళ్లబోసుకున్నాను.

"కంచె లేదా? అయితే అది గార్డెనే కాదు," అన్నాడు. "మా గార్టెన్, ఇంగ్లీషువాళ్ల యార్డ్, స్వీడన్‌వాళ్ల గోర్డ్, అన్నీ ఒక్క ఇంటి పిల్లలే. పాత అర్థంలో మొక్కల ఊసే లేదు. చుట్టూ కంచె కట్టిన చోటు, అంతే!"

ఇన్ని దేశాలు ఒక్క మాట మీద నిలబడితే కాదనడానికి నేనెంతటివాణ్ణి? ఆదివారం తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో వెదురు పుల్లలకు గుచ్చి కాల్చిన సాటే మాంసం తిని, ఆ పుల్లలన్నీ మూటగట్టి తెచ్చాను. కుండీ అంచున గుచ్చి దారంతో అల్లితే గోల్కొండ కోట సిగ్గుపడింది.

"నాన్నా, సో ఎంబరాసింగ్ లా!" అని ఇక్కడి యాసలో అరిచి మా అమ్మాయి తలుపేసుకుంది.

వారమంతా ఆకు నిలిచింది. కానీ సాయంత్రం టీతో వచ్చే, పాండన్ ఆకు రసంతో చేసిన ఆకుపచ్చ కేకు ఆగిపోయింది. ఆ కేకు కోసం నేను ట్రైన్‌కన్నా ముందే ఇల్లు చేరేవాణ్ణి.

"కేకేదీ?" అన్నాను.

"అది పక్కింటి ఆంటీ చేసిచ్చేదండీ. బదులుగా నేను కరివేపాకు కోసిచ్చేదాన్ని. చెబితే ఆకుకో కాపలావాణ్ణి పెడతారని చెప్పలేదు. మీ కంచె చూసి, తనకోసమే కట్టారనుకుని ఆవిడ రావడం మానేసింది."

"ఆవిడకోసమే కట్టాను."

"దొంగేమో కంచెకి ఇవతల మీకు టీ పెడుతోంది!"

మరుక్షణం కోట కూలింది. ఉన్న రెమ్మల్లో సగం కోసుకుని, పుట్టింటివాళ్లు సారె మోసినట్టు మోసుకుంటూ ఆంటీ తలుపు కొట్టాను.

"వా! యువర్ ట్రీ బోటక్ ఆల్రెడీ లా!" అని ఆవిడ పగలబడి నవ్వింది. ఇక్కడ బోటక్ అంటే బోడి. లోపలికెళ్లి చక్రమంత కేకు తెచ్చింది. మర్నాడు ఆవిడ పాండన్ కుండీ కూడా వచ్చి మా కరివేపాకు పక్కన కూర్చుంది.

సోమవారం ఆ కేకు ముక్కొకటి జర్మన్ పెద్దమనిషి చేతిలో పెట్టి, కంచె పీకేశానని చెప్పాను.

"ఎంతైనా నేను చెప్పింది పాత అర్థం కదా," అన్నాడాయన నిండు నోటితో. "ఇంకో ముక్కుందా?"