మన దగ్గరైతే

జెనోవాలో రైలు దిగి రెండు గంటలైనా కాలేదు, ఒరెస్తె ఆ మాట అననే అన్నాడు.

"పాస్తాలో బంగాళాదుంపేమిటి? మన దగ్గరైతే ఇలా పెట్టినవాణ్ణి వీధిలో తిరగనిస్తారా?"

నీవెస్ అప్పటికి రెండుసార్లే నోట పెట్టుకుంది. తులసిలాంటి ఆకు నూరి చేసిన ఆకుపచ్చని పెస్తో, మెత్తగా ఉడికిన దుంప, అక్కడక్కడా బీన్స్. బాగానే ఉందనుకునే లోపే ఈ పిడుగు.

"తిను ఒరెస్తె," అంది.

"తింటూనే చెప్తున్నాను."

బోలోన్యాలో రైల్వే స్టేషన్ వెనక పేటలో నీవెస్‌ను ఎరగనివాళ్లు తక్కువ. నలభై మూడేళ్లు పాస్తా కొట్టు నడిపింది. పద్నాలుగో ఏట మేనత్త దగ్గర చేరి, తన చేతికన్నా పొడుగైన కర్రతో గుడ్లు కలిపిన పిండిని వత్తడం నేర్చుకుంది. వత్తిన రేకు కింద అరచెయ్యి పెడితే గీతలు కనపడాలి, లేదంటే మేనత్త మళ్లీ ముద్ద చేసి ముందు పడేసేది. పోయిన చలికాలం డాక్టరు ఆమె కుడి భుజం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంక చాలమ్మా, దీన్ని వదిలెయ్యి" అన్నాడు. కొట్టు మూసింది. మూసిననాడు మొగుణ్ణి ఒకే ఒక కోరిక కోరింది. పెళ్లయినప్పట్నుంచి ఆగస్టు వస్తే అదే తీరం, అదే వరసలో అదే గొడుగు, అద్దె ఇంట్లో మళ్లీ తన చేతి వంట. ఈసారి పది రోజులు ఊరూరా దిగుతూ వెళ్లాలి. ఎవరో వండి పెడితే కూర్చుని తినాలి. ఇంటి ఊసు లేకుండా ఒక్క భోజనమైనా తినాలి.

"అదెంత పని?" అన్నాడు ఒరెస్తె. టిక్కెట్లన్నీ తనే కొన్నాడు కూడా.

ఒరెస్తె చెడ్డవాడు కాడు. అదే వచ్చిన తంటా. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, తాగడు, చెయ్యెత్తడు, భార్య చేతి వంట దాటి లోకంలో ఏదీ రుచి లేదని మనసారా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని ఊరూరా చాటుతాడు. కొండ అంచున రంగురంగుల ఇళ్లు అతికించినట్టున్న పల్లెల్లో వాన వచ్చి తడిసిపోతే, "మన దగ్గరైతే ఊరంతా వసారాలే, గొడుగే అక్కర్లేదు" అన్నాడు. పీసాలో ఒరిగిన గోపురం ముందు జనమంతా చేతులు చాపి ఫోటోలు దిగుతుంటే, "ఇదొక్కటేనా? మన దగ్గర ఒరిగినవి రెండున్నాయి" అన్నాడు. పక్కనున్న డచ్చి దంపతులు, పాపం, మర్యాదకు తలూపారు.

లివోర్నోలో మరీ దారుణం. చేపల పులుసు పళ్లెం బల్ల మీద పెట్టగానే ఒరెస్తె కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన చీజ్ ముక్క తీశాడు. ఇంటినుంచి తెచ్చుకున్నాడు! వడ్డించే కుర్రాడు చటుక్కున పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చేపల మీద చీజా! అయ్యా, మీకు దండం పెడతాను, దాచెయ్యండి. లోపల మా అమ్మ ఉంది. చూసిందంటే మంచం ఎక్కుతుంది."

"మన దగ్గరైతే…"

"మీ దగ్గర సముద్రమే లేదు కదయ్యా."

చుట్టూ బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. నీవెస్ తల వంచుకుని గబగబా తినేసింది. ఏం తిన్నదో రాత్రి గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు.

రోమ్ నుంచి నేపుల్స్‌కి రైల్లో ఇంక ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇదిగో ఒరెస్తె. ఇవాళ ఆదివారం, ఇదే ఆఖరి భోజనం. రేపు పొద్దున్నే ఇంటికి బండి. దీన్నైనా నన్ను తిననివ్వు. ఆ మాట నీ నోట రాకూడదు."

"ఏ మాట?"

"పది రోజులుగా నా చెవిలో పోరుతున్న మాట."

"నిన్ను మెచ్చుకోవడం కూడా తప్పేనా?"

అదే విసుగు. తిడితే తిరిగి తిట్టచ్చు, పొగిడేవాణ్ణి ఏం చేస్తావు? కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేపుల్స్‌లో వాళ్లు వెళ్లిన హోటల్లో ఆరే బల్లలు. వండేది ఇమ్మ అనే ఆవిడ, వడ్డించేదీ ఆవిడే. అరవై దాటి ఉంటాయి, తలకు గుడ్డ, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఒరెస్తె రొట్టె గురించి ఏమీ అనలేదు, వైన్ గురించీ అనలేదు. పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. చూస్తే జాలేసేట్టున్నాడు. పాస్తా వచ్చింది. చేత్తో విరిచిన పొడుగాటి గొట్టాలు, పైన రాగూ, అంటే మాంసంతో కలిపి నల్లబడేదాకా కాచిన ఎర్రటి టమాటా రసం.

"మాంసమేదమ్మా?"

"ముందు ఇది తినండి. ముక్కలు తర్వాత."

"కీమా లేదు, గుడ్డు పడ్డ పాస్తా కాదు, దీన్ని రాగూ అంటారా? మన దగ్గరైతే…"

అనేశాడు. ఇమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"చెప్పండి దొరగారూ, మీ దగ్గరైతే ఏం చేస్తారో నేర్చుకుంటాను. పొద్దున ఆరింటికి పొయ్యి మీద పెట్టాను. ఇంతసేపు కాగినా నాకింకా తెలివి రాలేదు."

"నేనెందుకు చెప్పడం? ఇదిగో, మా ఆవిడ. నలభై మూడేళ్ల కొట్టు. ఊరంతా ఈమె చేతి పాస్తానే తిన్నారు. నీవెస్, నువ్వే చెప్పవే. అసలైన రాగూ ఎవరిది?"

చుట్టూ బల్లల్లో ఫోర్కులు ఆగాయి. ఇమ్మ చూపు నీవెస్ అరచేతుల మీదికి పోయింది. అక్కడి కాయలు చూశాక గొంతులో వెటకారం పోయింది.

"నువ్వు చెప్తే వింటానమ్మా," అంది.

నీవెస్ పళ్లెం వంక చూసింది. ఇంకా పొగలు వస్తున్నాయి.

"నాకు తెలీదు," అంది.

"నీకు తెలీకపోవడమేంటే!"

"మనది వేడివేడిగా ఎలా ఉంటుందో నాకు తెలీదు ఒరెస్తె. నువ్వూ పిల్లలూ తింటుంటే నేను రెండో వాయి దించుతుండేదాన్ని. నేను కూర్చునేసరికి అడుగంటినది మిగిలేది. గరిటె చివర రుచి చూశాను తప్ప పళ్లెంలో చూసిందెప్పుడు? దేంతో పోల్చి చెప్పను?"

ఒరెస్తె ఫోర్కు పళ్లెంలో పెట్టేశాడు. "ఎప్పుడూ చెప్పలేదే…"

"నేను నోరు తెరిచేలోపు 'ఇంకాస్త వెయ్యి' అనేవాడివి."

ఎవరో దగ్గారు. ఇమ్మ మాత్రం, "ఈ జబ్బు మా ఇంట్లోనూ ఉంది," అని రొట్టె బుట్ట నీవెస్ వైపు జరిపింది. "చల్లారకముందే తినెయ్యి తల్లీ."

"ఒరెస్తె, నీ పళ్లెం తీసుకుని తలుపు దగ్గరి బల్లకి వెళ్లు."

"నలుగురూ చూస్తున్నారే."

"చూడనీ. నేను తినాలి."

చొక్కా కాలరులో దోపుకున్న రుమాలుతోనే, పళ్లెం రెండు చేతులా పట్టుకుని వెళ్లాడు. ఖాళీ బల్ల ముందు వెనక్కి తిరిగి చూసి కూర్చున్నాడు.

నీవెస్ తింది. మూడు నాలుగు సార్లు నోట పెట్టుకున్నాక కాస్త పులుపు ఎక్కువైందనిపించింది. తన చేతిలో గరిటె ఉంటే బోలోన్యాలోలాగే ఓ గుక్కెడు పాలు పోసేది. ఆ సంగతి ఇమ్మతో అనలేదు, ఒరెస్తెతోనైతే అసలే అనదు. రొట్టె తుంచి రసంలో అద్దుకుంది.

"నీవెస్," తలుపు దగ్గర్నుంచి మెల్లగా గొంతు. "మాంసం ముక్కలు వస్తాయట. ఇప్పుడు రానా?"

"నాది అయ్యాక."

పళ్లెంలో ఇంకా సగం ఉంది. ఆమె తొందరపడలేదు.